బంగారు గిన్నె పందెం

1922 మే 27, శనివారం. పారిస్‌కు తూర్పున వోజూర్ అనే ఊరి దగ్గర టోనీ జిండ్ అనే రైడరు 500 సీసీ మోటోసకోష్ బండెక్కాడు. మర్నాడు దిగేసరికి 1,245 కిలోమీటర్లు నడిపి ఉన్నాడు. దాదాపు హైదరాబాద్ నుంచి కాశీకి ఉన్నంత దూరం. పుణ్యం మాత్రం దక్కలేదు, ఎక్కినచోటే దిగాడు. అయిదు కిలోమీటర్ల పైచిలుకున్న ఒకే దారిని 243 సార్లు చుట్టాడు మరి. మధ్యలో బండి మారలేదు, నడిపే మనిషీ మారలేదు. పందెం షరతే అది. ఇరవై నాలుగు గంటలు, ఒక బండి, ఒక మనిషి.

ఆ పందెం పేరు బోల్ దోర్. ఫ్రెంచిలో బంగారు గిన్నె అని అర్థం. పేరు కొత్తది కాదు. 1894 నుంచి పారిస్‌లో ఇదే పేరుతో 24 గంటల సైకిల్ పందెం ఒకటి జరుగుతుండేది. పెడల్ తొక్కేవాళ్ళ పేరును ఇంజను వాళ్ళు అరువు తెచ్చుకున్నారన్నమాట. కార్ల పందేల్లో లె మాన్ 24 గంటల పేరు విననివాళ్ళు అరుదు. అది మొదలైంది 1923లో. లెక్కప్రకారం అది బోల్ దోర్‌కు ఏడాది చిన్న తమ్ముడు.

ఈ పందేన్ని మొదలుపెట్టిన వ్యక్తి యూజీన్ మోవ్. సైకిల్ కార్లనే తేలికపాటి చిన్న కార్లు తయారుచేసేవాడు. దీన్ని నిర్వహించింది మాజీ సైనిక మోటార్ సైకిలిస్టుల సంఘం. పేరులోనే సగం కథ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి నాలుగేళ్ళు కూడా కాలేదు. యుద్ధంలో ఉత్తరాలు, ఆదేశాలు పట్టుకుని బురదలో, చీకట్లో, గుంతల్లో మోటార్ సైకిళ్ళ మీద తిరిగినవాళ్ళ సంఘం అది. రాత్రంతా బండి మీదే ఉండడం అలాంటివాళ్ళకు కొత్త సంగతి కాదు, నిన్నటి డ్యూటీ. ఆ మొదటి పందేనికి బరిలో నిలిచిన మోటార్ సైకిళ్ళు 17.

జిండ్ సగటు వేగం గంటకు 52 కిలోమీటర్లు. ఇవాళ హైవే మీద స్కూటర్ కూడా అంతకన్నా జోరుగా పోతుంది. కానీ ఆ కాలపు బండిని ఒకసారి ఊహించుకోవాలి. వెనక చక్రానికి స్ప్రింగులు లేవు. రోడ్డు మీద ఉన్న ప్రతి రాయీ తిన్నగా నడుముకే చెప్పుకునేది. గేరు మార్చాలంటే ట్యాంకు పక్కనున్న రాడ్డును చేత్తో లాగాలి. ఇంజనుకు నూనె అందించడానికి చాలా బళ్ళలో చేత్తో కొట్టే పంపు ఉండేది. ఆ లెక్క తప్పితే అయితే పొగ, లేకపోతే పిస్టన్ సీజు. రాత్రికి కార్బైడు దీపం. మన ఊళ్ళలో పెళ్ళి ఊరేగింపుల్లో వెలిగిన గ్యాసు దీపాలకు అది దగ్గరి చుట్టం. ఆ వెలుతురులో గంటకు 52 అంటే నవ్వాల్సిన సంగతి కాదు.

మరుసటి ఏడు పందెం పారిస్‌కు పడమరనున్న సెయింట్ జెర్మేన్ అడవికి మారింది. పెంతెకొస్తు పండుగ సెలవుల్లో జరపడం ఆనవాయితీ అయింది. ఊళ్ళోవాళ్ళు సద్దిమూటలు కట్టుకుని అడవికి వచ్చి చెట్ల కింద రాత్రంతా కూర్చునేవాళ్ళు. చిన్న ఇంజను బళ్ళకు ఒక తరగతి, పెద్దవాటికి ఒక తరగతి, సైడ్‌కార్లకు వేరే, సైకిల్ కార్లకు వేరే. 1927లో కార్ల విభాగంలో గెలిచింది ఒక మహిళ, వియొలెట్ మోరిస్. ఆమె గుండు విసిరేది, ఫుట్‌బాల్ ఆడేది, ఈదేది, దొరికిన ప్రతి యంత్రాన్నీ నడిపేది. ఆ తర్వాత జీవితం చీకటిదారి పట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లతో చేతులు కలిపిందన్న నేరం మీద 1944లో ఫ్రెంచి ప్రతిఘటన దళం ఆమెను కాల్చి చంపింది. అది వేరే కథ.

ఇవి ఎక్కువగా అమెచ్యూర్ల పందేలే, కానీ అమెచ్యూర్ అన్న మాటను మరీ మడికట్టుకుని చదవక్కర్లేదు. ఎవరో డీలరు బండి ఇచ్చేవాడు. నూనె కంపెనీ నాలుగు డబ్బాలు పంపేది. టైర్ల కంపెనీ మనిషి, బళ్ళు ఆగి బాగుచేయించుకునే పిట్ దగ్గరే తచ్చాడుతుండేవాడు. గెలిస్తే పత్రికలో ప్రకటన వచ్చేది. అయినా ఈ పందేలకు దిగినవాళ్ళలో ఎక్కువమందికి ఇది బతుకుతెరువు కాదు. షెడ్డులో పానాలు పట్టేవాళ్ళు, దుకాణం నడిపేవాళ్ళు, ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు. గ్రాండ్ ప్రి పందేలకు అచ్చంగా పందేనికే చేసిన బండి కావాలి, దాని వెంట లారీ కావాలి, మెకానిక్కులు కావాలి. ఇరవై నాలుగు గంటల పందేనికి కావాల్సింది ఆగకుండా నడిచే బండి, నిద్రపోకుండా కూర్చునే మనిషి. రెండూ సామాన్యుడికి అందుబాటులో ఉన్నవే. ఇలాంటి ఓర్పు పందేల కథంతా ఈ ఒక్క వెసులుబాటు చుట్టూనే తిరిగింది.

ఒంటరిగా నడిపే షరతు ఎంత క్రూరమైనదో రాత్రి రెండు దాటాక తెలిసేది. సాయంత్రం దాకా ఉత్సాహం ఉంటుంది, జనం ఉంటారు. అర్ధరాత్రి వరకు పట్టుదల లాక్కొస్తుంది. ఆ తర్వాత ఇంజను మోతే జోలపాట అవుతుంది. హ్యాండిల్ అదురుకు వేళ్ళు మొద్దుబారి, బ్రేకు పట్టుకున్నదీ లేనిదీ తెలియదు. దీపం చూపించే నాలుగు గజాల మేర తప్ప లోకం లేదు. పొద్దు పొడిచే వేళకు కళ్ళద్దాల నిండా పురుగులు, మొహం నిండా నూనె. లారీ డ్రైవర్లకు బాగా తెలిసిన వేళ అది. తెల్లవారుజామున మూడు, అయిదు మధ్య మన జాతీయ రహదారుల మీద ఏం జరుగుతుందో పేపర్లో రోజూ చూస్తూనే ఉన్నాం. దాన్ని పందెంగా పెట్టి 1953 దాకా ఒకే మనిషి చేత నడిపించారంటే, ఆ నిర్వాహకుల గుండె ధైర్యాన్ని మెచ్చుకోవాలో వాళ్ళను తిట్టాలో తేల్చుకోవడం కష్టం.

1937లో బోల్ దోర్ మోంలేరీ చేరింది. పారిస్‌కు దక్షిణాన 1924లో కట్టిన ట్రాక్ అది. రెండున్నర కిలోమీటర్ల కాంక్రీటు గుండ్రం, రెండు చివర్లా గోడలా పైకి లేచిన వంపులు. యుద్ధం వచ్చి పందెం ఆగింది, 1947లో మళ్ళీ మొదలైంది. యుద్ధానంతర బోల్ దోర్ అంటే ఒకటే పేరు: గుస్తావ్ లెఫెవ్ర్. నార్టన్ మాంక్స్ మీద ఏడుసార్లు గెలిచాడు. నార్టన్ మాంక్స్ ఒంటి సిలిండరు బండి. పక్కా పందెపు గుర్రం, ఎగిరెగిరి పడే రకం. అలాంటి బండి మీద రాత్రంతా ఒంటరిగా కూర్చుని గెలవడం వేరు, గంటన్నర గ్రాండ్ ప్రిలో గెలవడం వేరు. వేగాలు పెరిగిపోవడంతో 1954 నుంచి ఇద్దరు రైడర్లను అనుమతించారు. లెఫెవ్ర్ ఆ ఏర్పాటులోనూ గెలిచాడు.

ఇంగ్లండ్ దారి వేరు. అక్కడ రోడ్లు మూసి పందెం పెట్టుకోవడానికి అప్పట్లో చట్టం ఒప్పుకునేది కాదు. యుద్ధం అయిపోయాక దేశమంతా ఖాళీ అయిన వైమానిక దళ స్థావరాలు మాత్రం బోలెడు. హాంప్‌షైర్‌లోని థ్రక్స్‌టన్ వాటిలో ఒకటి. 1942లో జర్మన్ రాడార్‌ను ఎత్తుకొచ్చిన బ్రూనెవాల్ దాడికి పారాచూట్ దళం బయల్దేరింది ఇక్కడి నుంచే. పదమూడేళ్ళ తర్వాత, 1955లో సౌతాంప్టన్ మోటార్ సైకిల్ క్లబ్ అదే రన్‌వేల మీద తొమ్మిది గంటల పందెం పెట్టింది. ఈ రకం ఏర్పాటు మన దగ్గరివాళ్ళకూ తెలిసినదే. మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే రోడ్డు మీద షోలవరంలో యుద్ధకాలపు రన్‌వే ఒకటి ఉండేది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాని మీదే దశాబ్దాల పాటు పందేలు నడిపింది. అక్కడివి పొట్టి పందేలు, రాత్రి జాగరణలు కావు. కానీ విమానాలు వదిలేసిన సిమెంటు మీద మోటార్ సైకిళ్ళు పరిగెత్తడం రెండుచోట్లా ఒకటే దృశ్యం.

థ్రక్స్‌టన్ షరతు సామాన్యుడికి ఇంకా దగ్గరిది. షోరూములో అమ్మే బండే రావాలి. కేటలాగులో లేని సామాను బిగించకూడదు. 1958లో పందేన్ని 500 మైళ్ళకు మార్చారు, అంటే సుమారు 800 కిలోమీటర్లు. ఆ ఏడు డాన్ షోరీతో కలిసి ట్రయంఫ్ టైగర్ 110 మీద గెలిచిన కుర్రాడికి పద్దెనిమిదేళ్ళు. పేరు మైక్ హెయిల్‌వుడ్. తర్వాత తొమ్మిదిసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. అతణ్ణి అమెచ్యూర్ అంటే మాత్రం పక్కనున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. తండ్రి మోటార్ సైకిళ్ళ వ్యాపారంలో లక్షలు గడించినవాడు. కొడుకు ఏ బండి అడిగితే ఆ బండి వచ్చేది.

మరుసటి ఏడాది గెలిచిన బండి గురించే ఎక్కువ చెప్పుకోవాలి. అది బీఎండబ్ల్యూ ఆర్69. చూస్తే పెద్దమనిషి బండి. సైలెన్సరులో గట్టి మాట కూడా లేదు. పెట్టెలు కట్టుకుని భార్యాభర్తలు ఊరెళ్ళడానికి చేసినది. దాని మీద పందెమా అనుకున్నవాళ్ళు తప్పులో కాలేశారు. 1959లో అది థ్రక్స్‌టన్ గెలిచింది, బార్సిలోనాలో 24 గంటల పందెమూ గెలిచింది. రెండు విజయాల్లోనూ బ్రూస్ డానియల్స్ ఉన్నాడు. మరుసటి ఏడు బోల్ దోర్ కూడా బీఎండబ్ల్యూదే. రహస్యం ఏమీ లేదు. ఆ బండికి చైను లేదు, వెనక చక్రాన్ని షాఫ్టు తిప్పుతుంది. మిగతా బళ్ళకు చైనే ప్రాణగండం. వేడెక్కి సాగుతుంది, దుమ్ముకు అరుగుతుంది, తెల్లవారేలోపు రెండు మూడుసార్లు బిగించాలి, తెగితే కథ కంచికే. పక్కవాళ్ళు పిట్‌లో చైనుతో కుస్తీ పడుతుంటే, బీఎండబ్ల్యూ పెట్రోలు పోయించుకుని మెల్లగా వెళ్ళిపోయేది. అందులో అంత ఆర్భాటమేమీ లేదు, అందుకే చాలా మంది చరిత్ర రాసేటప్పుడు దాన్ని ఒక వాక్యంతో దాటేస్తారు.

ఇంగ్లీషు ట్విన్ సిలిండరు బళ్ళకు ఇంకో జబ్బు ఉండేది, అదురు. నిలువుగా నిలబెట్టిన రెండు పిస్టన్లు కలిసి లేచి కలిసి పడుతుంటే నట్లు వాటంతటవే ఊడేవి, బ్రాకెట్లు పగిలేవి, హెడ్‌లైటు బల్బులో తీగ తెగేది. అందుకే అనుభవం ఉన్న పిట్‌లలో పానాల కంటే ముందు బైండింగ్ వైరు చుట్ట కనిపించేది. ప్రతి నట్టుకూ రంధ్రం చేసి తీగతో కుట్టేసేవాళ్ళు.

థ్రక్స్‌టన్‌కు అసలైన కథానాయకులు రైడర్లు కాదు, డీలర్లు. సౌతాంప్టన్ డీలరు సిడ్ లాటన్ అందులో మేటి. తానూ ఒకప్పుడు పందేల్లో పాల్గొన్నవాడే. మొదట్లో 700 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ కాన్‌స్టెలేషన్‌లను దించేవాడు. తర్వాత నార్టన్ 650 ఎస్ఎస్‌కు మారాడు. 1962, 1963, 1964, వరుసగా మూడేళ్ళు ఆ బండే గెలిచింది. అప్పటికి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండ్‌లో చివరి దశాబ్దంలోకి వచ్చేసింది. ఆ కంపెనీ 1955లో మద్రాసులో పెట్టిన భాగస్వామ్య ఫ్యాక్టరీ మాత్రం బుల్లెట్లు చేస్తూనే ఉంది. ఇవాళ తెలుగు ఊళ్ళలో డుగుడుగుమంటూ తిరిగే బండికీ, లాటన్ పిట్‌లో నిలబడ్డ బండికీ ఇంటిపేరు ఒకటే. వెలోసెట్ కంపెనీ అయితే తన 500 సీసీ బండికి 1965లో ఏకంగా థ్రక్స్‌టన్ అని పేరే పెట్టుకుంది. తర్వాత ట్రయంఫ్ కూడా ఆ పేరు వాడుకుంది.

వెలోసెట్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. 1961 మార్చిలో ఆ చిన్న కుటుంబ కంపెనీ 500 సీసీ వీనమ్ ఒకదాన్ని మోంలేరీకి తీసుకెళ్ళింది. అది పందెం కాదు, రికార్డు ప్రయత్నం. నడిపినవాళ్ళలో ఎక్కువమంది ఫ్రెంచి రైడర్లు. వాళ్ళతో పాటు బ్రూస్ మెయిన్‌స్మిత్ అనే పాత్రికేయుడు, కంపెనీని నడిపే బెర్టీ గుడ్‌మన్ కూడా వంతుల వారీగా ఎక్కారు. కంపెనీ పెద్దే తోలు కోటు వేసుకుని అర్ధరాత్రి కాంక్రీటు గోడ వంపు మీద తన బండిని తానే పరీక్షకు పెట్టడం ఇప్పటి కార్పొరేటు లోకంలో ఊహకందదు. 24 గంటలు ముగిసేసరికి సగటు గంటకు 100.05 మైళ్ళు, అంటే 161 కిలోమీటర్లు. అంతకుముందు ఏ మోటార్ సైకిలూ ఒక పగలూ ఒక రాత్రీ కలిపి వంద మైళ్ళ సగటు చూడలేదు. జిండ్ వేగానికి మూడు రెట్లు పైనే. మధ్యలో గడిచింది 39 ఏళ్ళు.

బార్సిలోనా సంగతి మరీ రంజుగా ఉంటుంది. ఊరి పక్కనే మోంజుయిక్ కొండ. దాని మీద పార్కు, ఫౌంటెన్లు, మ్యూజియం. వాటి మధ్య తిరిగే 3.79 కిలోమీటర్ల రోడ్డే ట్రాక్. పెన్యా మోటరిస్టా బార్సిలోనా క్లబ్ 1955లో ఇక్కడ 24 గంటల పందెం మొదలుపెట్టింది. జులై వేడిలో ఊరంతా కొండెక్కేది. వంపుల పక్కన దీపస్తంభాలు, ఫుట్‌పాత్ అంచులు, చెట్లు. తప్పితే ఆగడానికి చోటు లేదు. దిగుడులో బ్రేకులు కాలేవి, ఎక్కుడులో క్లచ్‌లు కాలేవి. ఇలాంటి దారిలో పెద్ద ఇంజనుకు పెద్ద ప్రయోజనం లేదు. 1957లో 125 సీసీ డుకాటి గెలిచింది. 250 సీసీ బళ్ళు పెద్దవాటిని మట్టి కరిపించడం అక్కడ మామూలే.

1965లో ఆ కొండ మీద గెలిచింది ఏ కంపెనీదీ కాని బండి. లండన్‌లో డ్రెస్డా ఆటోస్ అనే దుకాణం నడిపే డేవ్ డిగెన్స్ దాన్ని కూర్చాడు. నార్టన్ ఫ్రేము, ట్రయంఫ్ ఇంజను. కెఫేల దగ్గర చేరే కుర్రాళ్ళు ట్రైటన్ అని ముద్దుగా పిలుచుకునే జోడింపు అది. నార్టన్ ఫ్రేము రోడ్డుకు అతుక్కుని పోతుంది, ట్రయంఫ్ ఇంజను చవకగా దొరుకుతుంది, మరమ్మతూ తేలిక. మన దగ్గర అంబాసిడర్‌లో డీజిలు ఇంజను కూర్చినట్టే, అవసరంలోంచి పుట్టిన తెలివి. డిగెన్స్, రెక్స్ బుచర్‌తో కలిసి 24 గంటలూ దాన్ని నడిపి గెలిచాడు. 1970లో ఇయాన్ గొడార్డ్‌తో కలిసి మళ్ళీ గెలిచాడు. అప్పటికి హోండా నాలుగు సిలిండర్ల బళ్ళు బజారులోకి వచ్చేశాయి. పాత ఇంగ్లీషు ఇంజను పెట్టుకుని, సొంత దుకాణంలో వెల్డింగు చేసిన ఫ్రేముతో గెలవడం అప్పటికే కాలానికి ఎదురీత.

ఈ పందేలన్నిటినీ కలిపి 1960లో అంతర్జాతీయ మోటార్ సైకిల్ సమాఖ్య ఓర్పు కప్పు అని పేరు పెట్టింది. థ్రక్స్‌టన్, మోంజుయిక్, బెల్జియంలో వార్సాజ్, ఫ్రాన్సులో బోల్ దోర్, మొత్తం నాలుగు. కప్పు మొదలైన ఏడాదే బోల్ దోర్ ఆగిపోవడం దాని జాతకం. జనం కార్లు కొనుక్కోవడం మొదలుపెట్టారు. ఫ్రాన్సులో సిట్రోయెన్ 2సీవీ, ఇంగ్లండ్‌లో 1959 నుంచి మినీ. పెళ్ళయి పిల్లాడు పుట్టాక మోటార్ సైకిలు కొనేవాడు లేడు. పందెం చూసేవాళ్ళూ తగ్గిపోయారు. తొమ్మిదేళ్ళ పాటు బంగారు గిన్నె బోర్లపడి ఉంది.

దాన్ని మళ్ళీ నిలబెట్టింది జపాన్ బండి. నాలుగు సిలిండర్లు, ముందు చక్రానికి డిస్కు బ్రేకు, బటన్ నొక్కితే స్టార్టు, 67 గుర్రాల శక్తి: హోండా సీబీ750. 1969 సెప్టెంబరులో మోంలేరీలో బోల్ దోర్ తిరిగి మొదలైనప్పుడు ఈ బండే గెలిచింది. నడిపింది డానియెల్ ఉర్దిష్, మిషెల్ రూజరీ. రూజరీకి పందొమ్మిదేళ్ళు. ఫ్రాన్సులో ఒక తరం కుర్రాళ్ళకు అక్కడే పిచ్చి పట్టింది. 1971లో పందెం లె మాన్‌కు మారింది. డేరాలు వేసుకుని, రాత్రంతా మంటలు వేసుకుని కూర్చునే జనం వేలల్లో వచ్చేవాళ్ళు.

అక్కణ్ణుంచి 1975 వరకు సాగిన కాలమే షెడ్డు మెకానిక్కుల స్వర్ణయుగం. ఎవరు ఎంత గడుసుగా ఆలోచిస్తే వాళ్ళది గెలుపు. జపోటో అనేది పారిస్‌లో ఒక హోండా డీలరు దుకాణం. అది సీబీ750 ఇంజనును 950 సీసీకి పెంచి, ముందు రెండు పెద్ద కళ్ళలాంటి దీపాలున్న వికారమైన తొడుగు తగిలించి 1973లో బోల్ దోర్ గెలిచింది. 1972లోనూ ఆ దుకాణానిదే పై చేయి. రెండేళ్ళూ హ్యాండిల్ పట్టుకున్నవాళ్ళలో జెరార్ దెబ్రోక్ ఉన్నాడు. వికారమైన తొడుగే తర్వాత ఫ్యాషన్ అయింది.

ఇంకో జంట జెనీవావాళ్ళు జార్జి గోదియే, అలాన్ జెనూ. 1974లో కవాసాకి ఇంజనును స్విస్ ఫ్రేములో పెట్టుకుని బోల్ దోర్ గెలిచారు. 1975కు తమ ఫ్రేము తామే చేయించుకున్నారు. దాన్ని గీసినవాడు పియెర్ దోంక్, సాంకేతిక కళాశాల అధ్యాపకుడు. వాళ్ళ బుర్ర ఎక్కువగా పనిచేసింది పిట్‌లో. చక్రం విప్పడానికి ఎన్ని నిమిషాలు, పెట్రోలు పోయడానికి ఎన్ని సెకన్లు, చైను ఊడదీయకుండా వెనక చక్రం వస్తుందా, బ్రేకు ప్యాడ్లు రెండు వేళ్ళతో లాగితే వస్తాయా? ట్రాక్ మీద సెకను సంపాదించడానికి ప్రాణం పణం పెట్టాలి. పిట్‌లో నిమిషం సంపాదించడానికి బుర్ర పెడితే చాలు. ఓర్పు పందెంలో అమెచ్యూరుకు దొరికిన అసలు సందు అదే. గెలిచినవాళ్ళ పేర్లు మాత్రమే చదివేవాళ్ళకు ఇది కనిపించదు.

పందెం ఆరంభం కూడా చూడముచ్చటగా ఉండేది. బళ్ళు రోడ్డుకు ఒక పక్కన వరసగా ఏటవాలుగా నిలబెడతారు. రైడర్లు ఎదుటి పక్కన. జెండా ఊగగానే అడ్డంగా పరిగెత్తి, ఎక్కి, స్టార్టు చేసుకుని పోవాలి. నిన్న రాత్రంతా దువ్వి సిద్ధం చేసిన బండి సరిగ్గా ఆ క్షణాన కిక్కుకు లొంగకపోతే, వేల మంది ముందు ఒక్కడే నిలబడి కిక్కు కొడుతూ ఉండే రైడరు బాధ పగవాడికి కూడా వద్దు. లె మాన్ కార్ల పందెం ఈ పద్ధతిని 1969తో వదిలేసింది. మోటార్ సైకిళ్ళవాళ్ళు ఇప్పటికీ పరిగెత్తుతూనే ఉన్నారు.

ఒంటరిగా నడపడం అప్పటికే పాత జ్ఞాపకం. అయినా అప్పుడప్పుడు ఎవడో ఒకడు దాన్ని తిరగదోడేవాడు. 1973లో ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర అమరూ పార్కులో జరిగిన కాస్ట్రాల్ ఆరు గంటల పందెంలో కెన్ బ్లేక్ కవాసాకి జెడ్1 మీద రెండో రైడరు లేకుండా ఆరు గంటలూ తానే నడిపి గెలిచాడు. అది కూడా షోరూము బళ్ళ పందెమే. అదే ఏడాది జులైలో మోంజుయిక్‌లో సాల్వడోర్ కన్యెయాస్, బెంజమిన్ గ్రావు డుకాటి మీద 720 చుట్లు తిరిగారు. లెక్క వేస్తే 2,728 కిలోమీటర్లు, కొండ మీదే.

1976లో హోండా ఫ్యాక్టరీ దిగింది. ఆర్‌సీబీ అనే బండిని అచ్చంగా ఓర్పు పందేల కోసమే తయారు చేసి, జీతాల మీద రైడర్లను, మెకానిక్కులను పెట్టి యూరప్ పంపింది. ఆ ఏడు బోల్ దోర్‌ను జాన్ క్లోద్ షెమరాన్, అలెక్స్ జార్జి గెలిచారు. ఓర్పు కప్పు అదే ఏడు యూరప్ ఛాంపియన్‌షిప్ అయింది, 1980లో ప్రపంచ ఛాంపియన్‌షిప్. హోదా పెరిగినకొద్దీ ఖర్చు పెరిగింది. షెడ్డువాళ్ళకు మిగిలింది పదో స్థానం, పన్నెండో స్థానం. ఫ్యాక్టరీలను తిట్టుకోవడం తేలికే గానీ, వాళ్ళు రాకపోతే ఈ పందేలకు టీవీ వచ్చేదీ కాదు, మంచి టైర్లు వచ్చేవీ కాదు, రాత్రి ట్రాక్ పక్కన డాక్టరు ఉండేవాడూ కాదు.

ఒక్కసారి మాత్రం లెక్క తిరగబడింది. 1978 జులైలో జపాన్‌లో మొట్టమొదటి సుజుకా ఎనిమిది గంటల పందెం. ట్రాక్ హోండాది, ఊరు హోండాది, బరిలో ఉన్నది హోండా ఆర్‌సీబీ. గెలిచింది హిదెయో యోషిమురా తయారు చేసిన సుజుకి జీఎస్1000. నడిపింది వెస్ కూలీ, మైక్ బాల్డ్విన్. యోషిమురా యుద్ధకాలంలో నౌకాదళ విమాన చోదకుడు కావాలనుకుని పారాచూట్ ప్రమాదంలో గాయపడి ఆగిపోయినవాడు. యుద్ధం తర్వాత ఫుకువోకాలో అమెరికన్ సైనికుల బళ్ళు బాగుచేసి, జోరు పెంచి పేరు తెచ్చుకున్నాడు. హోండా ఎంత డబ్బు పోసినా ఆ రోజు ఒక షెడ్డుదే గెలుపు.

మోంజుయిక్ కథ 1986లో ముగిసింది. ఆ ఏడు పందెంలో మింగో పారెస్ అనే స్థానిక రైడరు చనిపోయాడు. ఆ దీపస్తంభాల మధ్య ఇంకా నడపడం సాధ్యం కాదని అందరికీ తెలిసిందే, ఆ రోజుతో ఒప్పుకున్నారు. ఆరేళ్ళకు అదే కొండ మీద ఒలింపిక్స్ జరిగాయి. పందెపు రోడ్డు ఇప్పుడు సిటీ బస్సుల దారి.

బోల్ దోర్ మాత్రం బతికింది. 1978లో దక్షిణ ఫ్రాన్సులోని పాల్ రికార్ ట్రాక్‌కు వెళ్ళింది, 2000లో మాన్యీ కూర్, 2015లో మళ్ళీ పాల్ రికార్. 2022 సెప్టెంబరులో అక్కడే నూరేళ్ళ పండుగ పందెం. ఫ్యాక్టరీల అండ ఉన్న పెద్ద జట్లు ఒక్కొక్కటే రాత్రి ఇంజన్లు పోగొట్టుకుని ఆగిపోయాయి. ఆదివారం మధ్యాహ్నం ముందున్నది విల్తాయిస్ అనే జట్టు యమహా. విల్తాయిస్ మోటార్ సైకిళ్ళ కంపెనీ కాదు. మధ్య ఫ్రాన్సులోని మూలాన్ ఊళ్ళో ఆధారం లేని యువతకు వసతి, పని చూపించే సేవా సంఘం అది. నూరేళ్ళ బంగారు గిన్నె ఆ ఏడు వాళ్ళింటికి వెళ్ళింది.